ఉగ్గబట్టిన నవ్వు

తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపూ లోపలికి ఎవరూ పోకూడదు, బయట ఎవరూ గట్టిగా తుమ్మకూడదు, అది స్టూడియో పద్ధతి. తుమ్మకూడదన్న నియమం ఆమెకు ఈ తలుపు దగ్గరే కాదు, ఎక్కడైనా ఉంది. ఇంట్లో, వీధిలో, లిఫ్టులో, ముక్కు దురద పెట్టిందంటే ముందు కాలు మీద కాలు బిగించుకోవాలి, ఆ తర్వాతే తుమ్మాలి. ఇంత ముందుచూపుతో తుమ్మే మనిషి లోకంలో ఇంకెవరైనా ఉంటారా అనుకుంటూ ఆమె కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. లోపల మగగొంతు ఒకటి ఎవరినో బతిమాలుతోంది, ఒకే మాట పది రకాలుగా, గోడల మెత్తలు దాటుకుని ఆ బతిమాలుడు బయటికి ఈగ రొదలా వస్తోంది. ఆయన పని అయ్యాక తన పని. ఆయన ఎంతసేపు బతిమాలితే అంత మంచిది, సాయంత్రం దాకా బతిమాలినా తనకేం అభ్యంతరం లేదు. తెర మీద ఎవరివో పెదాలు కదులుతుంటే వాటికి గొంతు అరువివ్వడం ఆమె వృత్తి. ఒకప్పుడు కథానాయికలకి, ఇప్పుడు వాళ్ళ తల్లులకి, అత్తలకి, ఇంకొన్నాళ్ళు పోతే నాయనమ్మలకి. మాటలకి బోలెడుమంది ఉన్నారు, ఏడుపుకి అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు, నవ్వుకి మాత్రం ఆమే. నవ్వుల మేడం అని ఎవరు పేరు పెట్టారో గానీ గేటు దగ్గర కాపలా ఆయనకి కూడా ఆమె అసలు పేరు తెలీదు. ఇవాళ వాళ్ళకి ఆ నవ్వే కావాలి.

సినిమాలో ఒక పెద్దావిడ ఇల్లు అమ్మేస్తుంది. సామానంతా లారీకెక్కించి, చివరిసారి లోపలికొచ్చి, కాసేపు కూర్చుందామని చూస్తే కుర్చీ లేదు. కుర్చీలన్నీ దగ్గరుండి ఎక్కించింది తనే. దానికి నవ్వు మొదలవుతుంది ఆవిడకి. మెల్లిగా మొదలై, పెద్దదై, ఆపుకోలేనంత పెద్దదై, చివరికి ఏడుపైపోతుంది. మధ్యలో ఎక్కడా షాటు తెగదు. "అమ్మా, ఇది గొంతుతో నవ్వితే కుదరదమ్మా, పొట్టలోంచి రావాలి," అన్నాడు కుర్ర డైరెక్టరు ఫోన్లో, మర్యాదగానే, బతిమాలినట్టే. పొట్టలోంచే నాయనా, వస్తుంది, కానీ నవ్వొక్కటే రాదు, దాని వెనకాలే ఇంకొకటీ వస్తుంది అని చెప్పడానికి ఆమెకి నోరెక్కడిది? సరే అంది. అలవాటైన మాట కాబట్టి సరే అంది, అని ఫోను పెట్టేసింది. నవ్వు నాలుగు విధాల చేటు అని అమ్మ వేళ్ళు చూపించి మరీ అనేది. ఆ నాలుగూ ఏమిటో అమ్మా చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు, అయిదోది మాత్రం తన ఒంటికి పట్టుకుంది. మొదట దగ్గుతో వచ్చింది. ఒక చలికాలం దగ్గు పట్టి వదల్లేదు, దగ్గినప్పుడల్లా ఒక్క చుక్క, దగ్గు పోతే ఇదీ పోతుందిలే అనుకుంది. దగ్గు పోయింది, ఇది పోలేదు. తర్వాత బకెట్టు ఎత్తితే, మెట్లు గబగబా దిగితే, వాన చప్పుడు వింటే, ఇంటి తాళం తీస్తుంటే. తాళంచెవి తలుపులో పెట్టగానే లోపల ఇంకో తలుపు తెరుచుకున్నట్టయి పరుగు తీయాల్సి వచ్చేది. అన్నిటిలోకీ నవ్వే అన్యాయం. దగ్గూ తుమ్మూ కాస్త ముందే కబురు పెడతాయి, నవ్వు చెప్పి రాదు.

చెప్పి రాని నవ్వుని చెప్పినట్టు రప్పించడమే కదా తన విద్య, అదే ఇక్కడ అడ్డం తిరిగింది. బయటైతే ప్యాడ్ ఉంది, సంచిలో ఎప్పుడూ ఉంటుంది, మందుల దుకాణంలో మా అత్తగారికి అని చెప్పి కొంటుంది, ఆవిడ పోయి ఎంతకాలమో అయినా ఇంకా ఆవిడ పేరే వాడుకుంటోంది, బతికుండగా ఆవిడ తనకి ఇంత ఉపయోగపడింది లేదు. కానీ మైకు ముందు ప్యాడ్ పనికిరాదు. గాజులుండకూడదు, గడియారం ఉండకూడదు, గంజి పెట్టిన బట్ట కట్టకూడదు, ఖాళీ పొట్ట గుర్రుమన్నా ఆ మైకు పట్టేస్తుంది, దానికి దయాదాక్షిణ్యం లేదు. మొదటిసారి ప్యాడ్ పెట్టుకుని నిలబడిన రోజు, ఏదో తల్లి పాత్ర, బిడ్డని చూసి వంగాలి, వంగింది, చెవుల్లో సౌండాయన గొంతు. "మేడం, ఎక్కడో కవరు చప్పుడొస్తోంది. జేబులో చాక్లెట్ కాగితం గానీ ఉందా?" ఆయనా తనూ ఒకేసారి ఈ వృత్తిలోకొచ్చారు, పక్క గదిలో అద్దం అవతల కూర్చుని ఆయన వినని చప్పుడు లేదు. "ఉందండీ, చాక్లెట్టే," అంది. "ఈ వయసులో చాక్లెట్లేంటి మేడం, షుగరొస్తుంది," అన్నాడు. అద్దం అవతల నలుగురూ నవ్వారు, తనూ నవ్వాల్సి వచ్చింది, గొంతుతో. ఆ రోజు నించీ మైకు ముందుకి పోయే ముందు ప్యాడ్ తీసేసి మెత్తటి పాతబట్ట మడిచి పెట్టుకుంటుంది. బట్ట చప్పుడు చెయ్యదు గానీ పెద్ద నవ్వుకి ఆగదు. పోనీ నీళ్ళు తాగడం మానేద్దామా అంటే, మానేసింది, రికార్డింగు ఉన్న రోజు పొద్దుట్నించీ గొంతు తడుపుకోదు, అప్పుడు నోరు పిడచకట్టి మాట మాటకీ నాలుక అంగిట్లో చప్ చప్ మని అంటుకుంటుంది, దాన్నీ మైకు పట్టేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మైకు.

అందుకే గొంతుతో నవ్వడం నేర్చుకుంది. ఛాతీ కిందికి దిగకుండా, పైపైన, తీగ లాగినట్టు ఒక నవ్వు. నేర్పిన గురువుగారు వింటే చెంప పగలగొట్టేవారు. నవ్వు గొంతులో పుట్టదమ్మాయ్, బొడ్డు కింద పుడుతుంది, గొంతు దానికి ద్వారం మాత్రమే అనేవారు ఆయన, పొట్ట మీద పుస్తకం పెట్టి పడుకోబెట్టి అది ఎగిరిపడేలా నవ్వించేవారు. కొన్నాళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత మొన్నామధ్య ఒక సినిమా చూడటానికి హాలుకెళ్ళింది, తను గొంతిచ్చిన పిన్ని పాత్ర తెర మీద మాట్లాడుతోంది, మాటలు తనవే, మధ్యలో నవ్వొచ్చింది, ఆ నవ్వు తనది కాదు. ఎవరో పిల్లది, గలగలా, నిండుగా. చిలక అని పిలుస్తారు ఆ అమ్మాయిని, చురుకైన పిల్ల, ఎదురుపడితే కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేస్తుంది. తన మాటల మధ్యలో దాని నవ్వు కోసి అతికించారు, అతుకు కూడా తెలీలేదు, చీకట్లో పక్కవాళ్ళు ఆ నవ్వుకి నవ్వుతున్నారు. ఆమె కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు, కోపానికి కూడా కాస్త హక్కుండాలి కదా. ఒక్కరూ ముందుగా చెప్పలేదు. చెప్తే మేడం బాధపడతారని అనుకుని ఉంటారు. ఇవాళ్టి షాటులో అతకడం కుదరదు, నవ్వూ ఏడుపూ ఒకే ఊపిరి, కాబట్టి ఇవాళ కుదరకపోతే నవ్వొక్కటే కాదు, పెద్దావిడ మొత్తం చిలకకి పోతుంది. ఆ తర్వాత ఇంకెవరు పిలుస్తారు? నవ్వని నవ్వుల మేడాన్ని ఏం చేసుకుంటారు?

లోపల బతిమాలుడు ఆగి, మళ్ళీ మొదలైంది. గోడ మీద ఏసీ చల్లటి గాలి నేరుగా మోకాళ్ళ మీదికే ఊదుతోంది, చలి తగిలితే బాత్రూముకి వెళ్ళాలనిపిస్తుంది, వచ్చాక రెండుసార్లు వెళ్ళొచ్చింది, ఇంకోసారి లేస్తే ఎదురు బల్ల దగ్గర కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూస్తుంది. చూడదేమో. చూస్తుందనే అనిపిస్తుంది. అసలు లోకమంతా తన నడుము కిందే చూస్తోందని అనిపించి అనిపించి మనుషుల మొహాలు చూడటం తగ్గించేసింది. అక్క మొహం చూసి ఎన్నాళ్ళైంది?

అక్క గుర్తురాకూడదు, ఇప్పుడు అసలే గుర్తురాకూడదు. నవ్వించేవాళ్ళనందరినీ దూరం పెట్టుకుంటూ వచ్చింది గానీ అందరూ ఒకెత్తు, అక్క ఒకెత్తు. ఏ సినిమాకైనా నవ్వు కావాలంటే కళ్ళు మూసుకుని అక్కని తలుచుకునేది, అంతే, మిగతాది పొట్ట చూసుకునేది. నిజానికి గొంతు అనుకరణలో అక్కే ఘటికురాలు, ఇంట్లోనే ఉండిపోయింది గానీ ఈ వృత్తిలోకొచ్చి ఉంటే తమందరినీ ఇంటికి పంపించేది. రెండేళ్ళ కిందట అక్క పుట్టినరోజు, హాలు నిండా చుట్టాలు, వంటగదిలో కుళాయి కారుతోంది, బాగుచేసే అతను వస్తానని మూడురోజులుగా రావడం లేదు. ఉండండి ఎందుకు రాడో చూస్తా అని అక్క అతనికి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది, పెట్టి, తన గొంతులో మాట్లాడింది, అంటే చెల్లెలి గొంతులో, ప్రియుడి ఒళ్ళో తలపెట్టి ప్రాణం విడిచే కథానాయిక గొంతులో, ఊపిరి ఊపిరికీ ఆగుతూ. "నన్ను... ఇలా... వదిలి... వెళ్ళకు... ఒక్కసారి వచ్చి... ఆ కుళాయి... బిగించి... వెళ్ళు..." అవతల అతను నిజంగా కంగారుపడిపోయాడు. "అమ్మా, ఏమైందమ్మా? అంబులెన్సు పిలవమంటారా?" "వద్దు... వాషరు... తీసుకురా..." అంది అక్క, అని తల వాల్చేసింది. హాలంతా గొల్లుమంది. తను అందరికన్నా గట్టిగా, కడుపుబ్బ, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, నవ్వుతూనే తెలుసుకుంది, కళ్ళలోంచే కాదని. ఒక్క చుక్కా రెండు చుక్కలూ కాదు. సోఫా. కింద వెచ్చగా, ఆపుదామన్నా ఆగకుండా. చుట్టూ ఇంకా నవ్వుతున్నారు. చేతిలో నీళ్ళ గ్లాసుంది. అయ్యో అంటూ దాన్ని ఒళ్ళో ఒంపేసుకుంది, ఎంత బాగా ఒంపుకుందంటే ఎవరికీ అనుమానం రాలేదు, నటన తెరవెనకైనా నటనే కదా. తేలు కుట్టిన దొంగలా లేచి, పనుందని చెప్పి, కేకు కోసేదాకా కూడా ఉండకుండా వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర అక్క మొహం చూసింది. అక్క నవ్వు మొహం మీదే ఆగిపోయి ఉంది.

మర్నాడు అక్క ఫోను. "ఏదో సరదాకన్నానే. నీ పనిని వెటకారం చెయ్యాలని కాదు. అందరి ముందూ అలా చేసుండకూడదు నేను." అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. కక్కలేక మింగలేక, "ఏం లేదులే అక్కా" అంది, ఎవరెలా విన్నా అలక అని తెలిసిపోయే గొంతుతో. ఎన్ని గొంతులు పలికే మనిషి, అలగలేదని నమ్మించే గొంతు ఒక్కటి పలకలేకపోయిందా అంటే, పలకలేక కాదు, అలిగిందనుకుంటేనే నయమనిపించింది. అలక అయితే నలుగురిలో చెప్పుకోవచ్చు, ఇదైతే చెప్పుకోలేరు. అక్క మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది, రమ్మంది, తను పనుందంది, పనుందంది. తర్వాతర్వాత అక్క జోకులెయ్యడం మానేసింది. ఇప్పుడు ఫోను చేస్తే "బాగున్నావామ్మా? భోజనం అయిందా? ఆరోగ్యం జాగ్రత్త," అంటుంది, బ్యాంకులోంచి మాట్లాడినట్టు. తోడబుట్టింది తనతో మర్యాదగా మాట్లాడుతోంది. తిట్టినా బాగుండేది. ఆ మర్యాద విన్న ప్రతిసారీ ఫోను పెట్టేశాక ఇంట్లో గోడ గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తుంది.

ఇంట్లో ఆయన ఉన్నారు, లేరని కాదు. కళ్ళజోళ్ళ దుకాణం మూసుకుని వచ్చి, మంచం చెరో గదిలో వేసుకున్న ఇంట్లో ఎంత ఉండాలో అంత ఉంటారు. గురక పెడుతున్నారు, నాకు పొద్దున్నే రికార్డింగు అని చెప్పి తనే పక్క గదిలోకి మారింది, పరుపు మీద ప్లాస్టిక్ పరిచిన సంగతి చెప్పలేక. ఆయన ఆ మాట మనసుకి తీసుకున్నారు పాపం. ఎవరో చెప్పారని వీపు వెనక దిండు కట్టుకుని పక్కకి తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు, ఒకరోజు కాఫీ తాగుతూ అడిగారు. "ఇప్పుడు తగ్గిందంటావా?" "తగ్గిందండీ," అంది. "మరి?" అన్నారు ఆయన. ఆమె కప్పులు తీసుకుని లేచిపోయింది. గురక పెట్టని మగవాణ్ణి పట్టుకుని గురక పేరుతో వెలేసింది, మహాతల్లి.

డాక్టరు దగ్గరికీ వెళ్ళింది, వెళ్ళలేదనడానికి లేదు. బయట కూర్చున్నంతసేపూ ఎదురుగా గోడ మీద పెద్ద బొమ్మ, ఆడమనిషి నడుము లోపల ఏమేముంటాయో రంగులేసి చూపించే బొమ్మ. మూత్రాశయం కింద ఒక కండరం, ఉయ్యాల గుడ్డలా అన్నిటినీ మోస్తుందట, కాన్పులకీ, ఏళ్ళు గడిచేకొద్దీ, విడవని దగ్గుకీ అది వదులైపోతుందట, వదులైతే దగ్గినా నవ్వినా బరువెత్తినా పట్టు నిలవదట. దాన్ని బిగించి వదిలే వ్యాయామాలున్నాయట, నెలల తరబడి చేస్తే చాలామందికి నయమవుతుందట, కాకపోతే వేరే వైద్యాలున్నాయట. నీళ్ళు మానేస్తే మేలు కాదు, మూత్రం చిక్కబడి ఇంకా తొందరపెడుతుందట. వయసొచ్చింది కాబట్టి భరించాల్సిందేనని ఎక్కడా రాయలేదు, ఇది సర్వసాధారణం, డాక్టరుకి చెప్పండి అని మాత్రం అడుగున పెద్ద అక్షరాల్లో ఉంది. అంతా చదివింది, ఎవరో పక్కింటావిడ కోసం చదివినట్టు. లోపలికెళ్ళాక డాక్టరమ్మ, తన ఈడుదే, కళ్ళజోడు పైకి తోసి ఏమిటి ఇబ్బంది అనడిగింది. "గొంతు నొప్పండీ," అంది. నోరు తెరిపించి చూసింది ఆవిడ. ఏమీ లేదే అంది. ఇంకేమైనా ఉందా అని కూడా అడిగింది, తల వంచి మందులు రాయకుండా, తన మొహంలోకే చూస్తూ. అంత నెమ్మదిగా అడిగితే చెప్పలేని మనిషి ఇంకెప్పుడు చెప్తుంది? "లేదండీ" అని లేచొచ్చేసింది.

అమ్మ కూడా ఇంతేనా? ఉన్నట్టుండి ఇప్పుడెందుకు తట్టిందో ఆ సంగతి, ఇన్నేళ్ళూ తట్టలేదు. అమ్మ పెళ్ళిళ్ళకి వచ్చేది కాదు. బస్సెక్కేది కాదు. ఎవరింటికెళ్ళినా మెత్తటి వాటి మీద కూర్చునేది కాదు, చెక్కపీట అడిగి తెప్పించుకునేది, మీ అమ్మకి ఎంత టెక్కమ్మా అనేవాళ్ళు బంధువులు. తనూ అక్కా కూడా నవ్వేవాళ్ళు, మహారాణికి సింహాసనం వెయ్యండి అని అక్క దండోరా వేసేది, అమ్మ నవ్వబోయి పెదాలు బిగించి విసురుగా లోపలికి వెళ్ళిపోయేది. విసురు కాదది. అయ్యో, విసురు కాదది. కొంగు అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్న అమ్మే గుర్తుంది గానీ అమ్మ నవ్వు ఎలా ఉండేదో ఎంత వెతికినా గుర్తు రావడం లేదు. నవ్వుల మేడం కన్నతల్లి నవ్వు ఇంట్లో ఎవరికీ తెలీదు. గర్విష్ఠి అనిపించుకుని, ఒక్కత్తే ఆ పీట మీద కూర్చుని కూర్చుని పోయింది. ఇద్దరు ఆడపిల్లల్ని కని, ఇద్దరిలో ఒక్కరికీ చెప్పుకోలేకపోయింది.

ఎర్ర బల్బు ఆరింది. బతిమాలినాయన చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సౌండాయన తల బయటపెట్టాడు. "రండి మేడం. ఇవాళ మీ కోసమే అందరం." ఆమె ముందు బాత్రూములోకి వెళ్ళింది, ప్యాడ్ తీసింది, బట్ట పెట్టుకుంది, రెండు మడతలు ఎక్కువే పెట్టుకుంది, ఆ మడతల్ని నమ్మకుండానే బయటికొచ్చింది. లోపల గది ఎప్పటిలానే ఉంది, నల్లటి మెత్తల గోడలు, తన ఊపిరి తనకే వినిపించే నిశ్శబ్దం, కాగితాల స్టాండు, దాని కింద సంచి, ఎదురుగా తెర, పక్కన అద్దం, అద్దం అవతల డైరెక్టరు, సౌండాయన. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తెర మీద పెద్దావిడ ఖాళీ గదిలోకొచ్చింది, అటూ ఇటూ చూసింది, కుర్చీ లేదు. నవ్వింది. తనూ నవ్వింది, గొంతుతో, జాగ్రత్తగా, కింద అంతా బిగబట్టుకుని, పెదాలకి పెదాలు సరిగ్గా కలిశాయి, ఏడుపు కూడా వేళకి వచ్చింది.

"బాగుందమ్మా," అన్నాడు డైరెక్టరు చెవుల్లో. "బాగుంది. ఒక్క నిమిషం ఉంటారా?" చెవుల్లో చప్పుడు కట్టయింది. అద్దం అవతల వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. తనకి వినపడదని వాళ్ళ ధీమా. జీవితమంతా పెదాలు చూసి మాట కట్టడమే పనిగా బతికిన మనిషి ఇటు నిలబడి ఉందన్న సంగతి మర్చిపోయారు పాపం. డైరెక్టరు పెదాలు కలిసి, విడిపోయి, అన్నాయి, చిలకని పిలుద్దామా? సౌండాయన తల అడ్డంగా ఊపాడు. డైరెక్టరు మళ్ళీ అన్నాడు, మేడంకి ఎలా చెప్పాలి? ఈసారి సౌండాయన తల ఊపలేదు, దించుకున్నాడు. అదీ సంగతి. ఇక ఎవరో ఒకరు మర్యాదగా వచ్చి చెప్తారు, తను మర్యాదగా సరే అంటుంది, ఇంటికెళ్తుంది, గడియారం చప్పుడు వింటుంది, పీట మీద కూర్చుంటుంది.

ఆమె అద్దం మీద వేలితో కొట్టింది. "ఇంకొక్కసారి చేస్తాను," అంది. "ఈ గదిలో లైటు తీసెయ్యండి. తెర మీది వెలుగు చాలు." సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, పొద్దుట్నించీ ఎండిపోయిన గొంతులోకి సగం సీసా గటగటా దించుకుంది. ఎంత హాయిగా ఉన్నాయి నీళ్ళు. లైటు ఆరింది. పెద్దావిడ ఖాళీ గదిలోకొచ్చింది, కుర్చీ లేదు, ఆమె కళ్ళు సగం మూసుకుని, రాకూడదనుకున్న దాన్ని రానిచ్చింది. రావే అక్కా. వచ్చింది అక్క, హాలు మధ్యలో ఫోను పట్టుకుని, ప్రాణం పోతూ, కుళాయి బిగించమని బతిమాలుతూ. వాషరు తీసుకురా. బొడ్డు కింద ఎక్కడో ఒక కుదుపు, ఇన్నాళ్ళూ తాళం వేసి ఉంచిన చోట, రెండో కుదుపుకి నవ్వు పైకెక్కింది, గొంతు దానికి ద్వారం మాత్రమే, గొంతులోంచి గదిలో పడింది, పెద్దావిడ పెదాలు ఎటు పోతే అటు పోయింది. ఆ వెనకే రెండోదీ వచ్చింది. బట్ట ఒక్క క్షణం ఆపింది, తర్వాత ఆపలేదు, వెచ్చగా తొడల మీదుగా, మోకాళ్ళ మీదుగా, మడమల దాకా, ఆమె బిగించలేదు, బిగిస్తే నవ్వు తెగుతుంది, పోనీ, పోతే పోనీ, ఇంకా నవ్వు, ఆపుకోలేనంత పెద్దదిగా, అమ్మ నవ్వు కూడా కలిపి నవ్వు. చెక్కపీట మీద ఒక్కత్తే కూర్చున్న అమ్మ కనపడేసరికి నవ్వు విరిగి ఏడుపైంది, ఎక్కడ విరిగిందో ఆమెకే తెలీలేదు. తెర నల్లబడింది.

"అమ్మా," అన్నాడు డైరెక్టరు చెవుల్లో. "ఇంకేమీ వద్దమ్మా. ఇదే." తర్వాత సౌండాయన. "లైటు వెయ్యమంటారా మేడం?" "వద్దు," అంది. "కాసేపు ఇలాగే ఉండనివ్వండి. మైకు తీసెయ్యండి." ఆయన మైకు ఆపేశాడు. బట్టలు చల్లబడటం మొదలైంది, ఏసీ గాలికి ఒళ్ళు జలదరించింది. ఎలా బయటికెళ్ళాలి? ఇదివరకైతే సీసాలో మిగిలిన నీళ్ళు ఒళ్ళో ఒంపుకునేది, అయ్యో అనేది, ఒక కథ చెప్పేది, సీసా చేతిలోనే ఉంది. ఆమె మూత బిగించి సీసా కింద పెట్టింది. హెడ్‌ఫోన్లు తీసేసి, సంచిలోంచి ఫోను తీసి స్విచాన్ చేసింది, అక్కకి చేసింది.

"చెప్పమ్మా," అంది అక్క. "బాగున్నావా? భోజనం అయిందా?"

"అక్కా, ఆ రోజు నేను నీ మీద అలిగి వెళ్ళలేదే."

"ఏ రోజు?" అంది అక్క. ఏ రోజో తెలిసినట్టే ఉంది ఆ గొంతు.

"నీ పుట్టినరోజు. నవ్వి నవ్వి తడిపేసుకున్నాను. నీళ్ళు ఒలికిపోలేదు, నేనే ఒంపుకున్నాను, కనపడకూడదని. చాలాకాలంగా ఇంతే నాకు, నవ్వినా దగ్గినా ఆగదు. నువ్వు ఏమీ తప్పు చెయ్యలేదే. నువ్వు నవ్విస్తావని భయపడి రావడం మానేశాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఎప్పుడూ ఏడవని మనిషి ఏడుస్తోంది.

"రెండేళ్ళా!" అంది అక్క. "రెండేళ్ళు! నీ పొట్టకూటి పనిని పదిమందిలో నవ్వులపాలు చేశానని రోజూ పడుకోబోయే ముందు నన్ను నేను తిట్టుకుంటున్నానే దొంగమొహమా! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయిందే? దానికి డాక్టర్లు లేరటే?"

"ఉన్నారు. వెళ్ళాను. గొంతు నొప్పని చెప్పొచ్చాను."

"ఏడ్చినట్టుంది. రేపు నేనొస్తా నీతో, నువ్వు నోరు తెరవక్కర్లేదు, నేనే చెప్తా." మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. "ఇప్పుడెక్కడున్నావ్? గొంతు అలా ఉందేంటి?"

"స్టూడియోలో. ఇప్పుడే ఒక పెద్ద నవ్వు నవ్వాను. మడమల దాకా తడిసిపోయి చీకట్లో నిలబడి ఉన్నాను. అద్దం అవతల మగాళ్ళున్నారు. ఎలా బయటికి రావాలో తెలీట్లేదక్కా."

"కదలకు. ఉన్నచోటే ఉండు, బట్టలు పట్టుకుని వస్తున్నా. ఏ రంగు వేసుకున్నావ్?"

"నలుపు."

"నా దగ్గర నలుపెక్కడ ఏడిసింది? పసుపు పచ్చది ఉంది, దాని మీద ఇంతింత బాతు బొమ్మలు. మా మనవరాలు కొనిపెట్టింది. వేసుకుంటావా?"

పొట్టలో మళ్ళీ కుదుపు మొదలైంది. ఆమె చేత్తో స్టాండు పట్టుకుంది. "అక్కా, నవ్వించకే. నీకు దణ్ణం పెడతా."

"నవ్వవే," అంది అక్క. "ఎలాగూ మార్చుకుంటావుగా."